బుడగ లెక్క

పుజోన్ కొండ మీద తుంగుల్ అంటే తెలియనివాళ్ళు లేరు. అతను వేప్ అనే కరెంటు సిగరెట్టు పీల్చి పొగ వదిలితే ఎదురుగా కూర్చున్న మనిషి మొహం కనపడేది కాదు. కింద మలాంగ్‌లో జరిగే పొగమేఘాల పోటీల్లో మూడేళ్ళుగా అతనిదే పైచేయి. చొక్కా గుండీలు రెండు విప్పుకుని, తల వెనక్కి వాల్చి, గుండెల నిండా లాగి వదిలాడంటే చుట్టూ ఈలలే ఈలలు. వేప్‌లో ఏ లిక్విడ్ పోస్తావన్నా అని ఎవరైనా అడిగితే, బయట కొన్నది తాను ముట్టననీ, అంతా ఇంట్లో కలిపిందేననీ చెప్పేవాడు. కలిపింది ఎవరో మాత్రం చెప్పేవాడు కాదు. అడిగినవాళ్ళు అతనే కలిపాడనుకునేవారు, అతను అనుకోనిచ్చేవాడు. అబద్ధం ఆడకుండా అబద్ధాన్ని నమ్మించడం కూడా ఒక విద్యే, అందులో ఆ మహానుభావుడికి సాటి లేదు.

కలిపేది అతని పెళ్ళాం రెత్నో. పెళ్ళికి ముందు ఆమె జెనాంగ్ వండే కొట్టులో ఎనిమిదేళ్ళు పనిచేసింది. కొబ్బరిపాలు, బియ్యప్పిండి, తాటిబెల్లం పెద్ద మూకుట్లో పోసి పూటంతా కలియబెడితే ముద్దయ్యే మిఠాయి అది. గరిటె ఎత్తి, అది జారే తీరు చూసి, ఇక దించండి అనేది రెత్నో. కొట్టు యజమాని కూడా ఆమె అన్నాకే దించేవాడు. ఆ కన్నే ఇప్పుడు లిక్విడ్‌కి పనికొచ్చింది. లిక్విడ్‌లో ఉండేది ఎంత, చిక్కటి గ్లిజరిన్, దాన్ని పల్చన చేసే పీజీ, ఇంత రుచి, ఇంత నికోటిన్. చిక్కగా ఉంటే పొగ దట్టంగా వస్తుంది గానీ, మరీ చిక్కబడితే వేప్‌లోని దూది దాన్ని లాక్కోలేక మాడిపోతుంది, గొంతులో కాలిన గుడ్డ కంపు మిగులుతుంది. పల్చబడితే లిక్విడ్ పోసే ట్యాంకు కారి బట్టలు తడుస్తాయి, కాగిన చుక్కలు నాలుక మీదికి చిమ్ముతాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న చోటు వెంట్రుకవాసి. అది ఎక్కడుందో రెత్నోకి తెలుసు.

చిక్కదనం చూడటానికి ఆ పని చేసేవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. మూత బిగించిన సీసాను తలకిందులు చేస్తే లోపలి గాలి బుడగై పైకి పాకుతుంది. అది పైకి చేరేదాకా లెక్కపెట్టుకుంటారు. ఐదు లెక్కకు చేరితే సరైన పాకమని సురబాయ నుంచి పోటీకి వచ్చిన ఎవడో తుంగుల్‌కి చెప్పాడు. అప్పటినుంచి తుంగుల్‌కి ఐదంటే ఐదే, అది కొండయినా సముద్రమయినా. రెత్నో అలా కాదు. సీసాను స్వెటర్ లోపల సంకలో ఇరికించుకుని, టెంపె అనే సోయాగింజల అచ్చు ముక్కలు వేయించి, అన్నం దించి, అప్పుడు తీసి తిప్పి చూసేది. చలికి గ్లిజరిన్ బద్ధకిస్తుంది, వేడికి పరుగెడుతుంది, కనుక ఏ ఊళ్ళో తాగుతారో ఆ ఊరి వేడిలోనే లెక్క చూడాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు, తనే పట్టుకుంది. పుజోన్ వాళ్ళకు కలిపేటప్పుడు సంక జోలికి పోయేది కాదు, వంటింటి గూట్లో సీసా ఉన్నపళంగా తీసి చూసేది. కింది ఊళ్ళ పోటీలకు కలిపితేనే సంక.

తుంగుల్‌కి అదో వేడుక. నలుగురు స్నేహితులు ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి ఆమెను చూపించి, మా ఆవిడ కోడిపెట్టలా సీసాలు పొదుగుతోందిరా, ఇంకో వారానికి పిల్లలవుతాయి అన్నాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో పిల్లలు లేని ఇల్లు అది. ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో తెలిసే అన్నాడు. రెత్నో మాత్రం తక్కువ తిందా? కాఫీ గ్లాసులు వాళ్ళ ముందు పెడుతూ, పుంజు పనికొచ్చేదయితే ఎప్పుడో అయ్యేవి అంది. స్నేహితులు నవ్వాపుకోలేక గుమ్మం బయటికి పోయారు. తుంగుల్ నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇద్దరూ ఇద్దరే, ఒకరి మీద ఒకరు జాలిపడటం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ఇలా ఉండగా సురబాయ నుంచి మర్ఫూఆ ఫోన్ చేసింది. ఆమెకు ఆ నగరంలో నాలుగు వేప్ దుకాణాలున్నాయి. మలాంగ్ పోటీలో తుంగుల్ పొగ చూసి, ఆ లిక్విడ్ రుచి తెలుసుకుని, నల్ల బంకబియ్యం పాయసం రుచితో నూట ఇరవై సీసాలు కావాలంది. నచ్చితే నెలనెలా తీసుకుంటుంది. లైసెన్సు, పన్ను స్టాంపు గొడవంతా తనే చూసుకుంటుంది. ఆమె దుకాణాల్లో ఒక ఆనవాయితీ ఉంది. సీసా మీద కంపెనీ పేరు చిన్నదిగా, కలిపిన మనిషి పేరు పెద్దదిగా ఉంటుంది. అక్కడికొచ్చేవాళ్ళు రుచి పేరు అడగరు, ఫలానావాళ్ళ చెయ్యి ఉందా అని అడుగుతారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి రెత్నోకి ఇంకేదీ తలకెక్కలేదు. జెనాంగ్ కొట్టులో ఎనిమిదేళ్ళు, ఇక్కడ తొమ్మిదేళ్ళు, పాకం తన కన్ను చూసింది, పేరు ఇంకొకరికి పోయింది. ఈసారి తన పేరు తనకు కావాలి. కడుపులో ఆకలి ఎంత నిజమో ఆ కోరిక అంత నిజం. అన్నం తింటున్న మొగుడి ముందు నిలబడి అడిగేసింది.

"సీసా మీద నా పేరు వేయించండి."

"నీ పేరు చూసి ఎవడు కొంటాడే? అల్లం టీ అమ్మే ముసలమ్మనుకుంటారు."

"కొనకపోతే పోనీండి. నా పేరు వేయించండి."

తుంగుల్ మిరపకాయ కొరుక్కుంటూ ఆమె మొహంలోకి కాసేపు చూసి, సరే వేయిస్తాలే అన్నాడు. రెత్నో నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? కిందటేడు మలాంగ్ పోటీలో మైకు ముందు నీ పేరు చెబుతానన్నాడు, కప్పు చేతికి రాగానే తన తల్లి పేరు చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. అంతకుముందు ఏడు విలేఖరి వచ్చినప్పుడు, నువ్వు లోపలే ఉండు, పిలుస్తాను అన్నాడు. ఆమె కొత్త బట్టలు కట్టుకుని తలుపు వెనక గంటసేపు కూర్చుంది. పిలుపు రాలేదు, మోటార్‌సైకిలు వెళ్ళిపోయిన చప్పుడు మాత్రం వచ్చింది.

అయినా కలపడంలో లోటు చేయలేదు. పేరు వచ్చినా రాకపోయినా పాకం పాడుచేయడం ఆమె చేతికి అలవాటు లేదు, అప్పటికి. సురబాయ ఎండకు సరిపోయేలా గ్లిజరిన్ పాలు పెంచింది. పెద్ద గాజు జాడీలో కలిపి, చీకటి మూల మూడు వారాలు ఊరబెట్టింది. రంగు టీనీళ్ళలా మారి, మూత తీస్తే పాయసం వాసన ఇల్లంతా పాకింది.

జూలైలో కొండ మీద బెడిడింగ్ చలి పడింది. వానలుండవు, మధ్యాహ్నం ఎండ కాస్తుంది, తెల్లవారితే మాత్రం క్యాబేజీ మళ్ళ మీద తెల్లగా మంచు, పాలు పితికేవాళ్ళ వేళ్ళు కొంకర్లు పోతాయి. అలాంటి ఒక పొద్దున తుంగుల్ సరోంగ్ లుంగీని భుజాల దాకా కప్పుకుని వంటింట్లోకి వచ్చాడు. సీసాలు నింపే రోజు అది. జాడీ రాత్రంతా చల్లటి సిమెంటు గచ్చు మీదే ఉంది. ఒక సీసాలోకి ఇంత వంచుకుని, మూత బిగించి తలకిందులు చేశాడు. బుడగ ముసలి ఎద్దులా నడిచింది. పదకొండు లెక్కపెట్టాడు.

ఇది లిక్విడా జెనాంగా, ముక్కలు కోసి అరిటాకుల్లో చుట్టి అమ్ముకుందామా అని మొదలుపెట్టాడు. పాత బుద్ధి పోలేదనీ, మూకుడు గరిటె తప్ప ఏమీ రానిదాన్ని నమ్ముకున్నందుకు తనకీ శాస్తి జరగాల్సిందేననీ అన్నాడు. రెత్నో పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆమె సంకలో అదే జాడీలోంచి తీసిన సీసా వెచ్చగా ఉంది. అంతకు కొద్దిసేపటి ముందే తిప్పి చూసింది. సరిగ్గా ఐదు. అది తీసి అతని మొహం ముందు తిప్పితే చాలు, గొడవ అక్కడితో అయిపోయేది. తియ్యడానికి చెయ్యి స్వెటర్ లోపలికి పోనిచ్చింది కూడా.

"ఇది సురబాయకండీ, అక్కడి ఎండకు" అని ఆమె అనబోయింది.

"నోర్ముయ్. రేపు పాడైతే నీకేం పోయింది? నువ్వు వంటింట్లో ఉంటావు. అక్కడ నిలబడే మొహం నాది."

రెత్నో చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ మాటతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మొహం నీదయితే ఆ మొహమే కాలనీ అనుకుంది. ఎలాగూ సీసా మీద ఉండేది అతని పేరే, కారితే అతని పేరే కారుతుంది, చిమ్మితే అతని పేరే పీల్చినవాళ్ళ నోట్లో చిమ్ముతుంది. అప్పుడు నలుగురి ముందూ నోరెండిపోయి, బాబోయ్ నేను కాదు మా ఆవిడ కలుపుతుంది, ఆవిడ లేకపోతే నేనొట్టి పొగగొట్టాన్ని అని ఒప్పుకుంటాడు. ఒప్పుకోక ఎక్కడికి పోతాడు? ఈ ఆలోచన ఆమెకు ఎంత తియ్యగా ఉందంటే, పొయ్యి మీద టెంపె మాడుతున్నా చూసుకోలేదు. తుంగుల్ డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చి, ఆమె కలిపే కర్రతోనే కలుపుతూ, ఇంత పోసి ఇంత పోసి బుడగ చూసుకున్నాడు. దాదాపు అరలీటరు పోశాక ఐదు వచ్చింది.

"చూశావా? ఇదీ చిక్కదనమంటే."

"చూశాను" అంది రెత్నో.

ఆ రోజంతా కూర్చుని నూట ఇరవై సీసాలూ ఆమే నింపింది. ఎవరూ ఒత్తిడి చేయలేదు, ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. ఒక్కో సీసాలోకి ఆ నీళ్ళు కలిసినది జారుతుంటే మనసులో లెక్కపెట్టుకుంటూ, ఒక్క చుక్క కింద పడకుండా మూతలు బిగించింది. అంత శ్రద్ధగా ఆమె ఎప్పుడూ సీసాలు నింపలేదు.

మర్నాడు తుంగుల్ ఆమెను సంతకు పొమ్మన్నాడు. క్యాబేజీ కావాలన్నాడు, తర్వాత ఎండుచేపలు కూడా అన్నాడు, అవి దొరికే కొట్టు ఊరి చివర. ఆమె తిరిగి వచ్చేసరికి అట్టపెట్టెలు మూసి టేపు వేసి ఉన్నాయి. పేరు సంగతేమైందని అడిగితే అక్కడ చూద్దువులే అన్నాడు. ఇందులో చూసేదేముంది, తుంగుల్ అని ఈ పెద్ద అక్షరాలతో ఉంటుంది అనుకుంది ఆమె. తనూ సురబాయ వస్తానంది. వద్దంటాడని గొడవకు సిద్ధపడి నిలబడితే, ఆ ఆకుపచ్చ బాతిక్ కట్టుకో, నీకు బాగుంటుంది అన్నాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప అలాంటి మాట అతని నోట వినలేదు. అందరి ముందూ నన్ను ఆటపట్టించడానికి తీసుకెళుతున్నాడు, నవ్వనీ, ఎవరు నవ్వుతారో చూద్దాం అనుకుంటూ ఆకుపచ్చ బాతికే కట్టుకుంది.

పక్కింటివాళ్ళ వ్యానులో కొండ దిగారు. లవాంగ్ దాటాక స్వెటర్ తీసేసింది, పండాన్ దాటాక చెమట కారింది. సురబాయలో దిగేసరికి సిమెంటు రోడ్డు మీద అడుగు పెడితే చెప్పుల్లోంచి వేడి తెలిసింది. వ్యాను వెనక పెట్టెల్లో సీసాలు ఎలా కాగుతున్నాయో ఆమెకు చూడకుండానే తెలుసు. తుంగుల్ పాటలు పాడుతూ పెట్టెలు దించాడు. అతన్ని చూసి ఆమెకు ఒక్క రవ్వ జాలి కలిగింది, కలిగినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

మర్ఫూఆది యాభై దాటిన వయసు. మదురా దీవి మనిషి, లావుపాటి బంగారు గాజులు, తెల్లటి ముసుగు, రోడ్డు అవతలికి వినపడే గొంతు. తన దుకాణంలోకి వచ్చే ప్రతి లిక్విడ్ మొదటి గుక్క ఆమే పీలుస్తుంది. ఆ పూట పనివాళ్ళు, రోజూ వచ్చే గిరాకీ, అంతా కలిసి పదిమంది దాకా ఫ్యాన్ల కింద కూర్చుని ఉన్నారు. తుంగుల్ బ్లేడుతో పెట్టె కోసి ఒక సీసా తీసి గాజు బల్ల మీద పెట్టాడు.

నల్ల కాగితం మీద బంగారు అక్షరాలు. పైన చిన్నగా పాయసం పేరు, కింద చిన్నగా ఊరి పేరు. మధ్యలో, అరచేతి వెడల్పున, రెత్నో.

ఆమె ఇంకో సీసా చూసింది, దాని మీదా అదే. పెట్టెలోకి తొంగి చూసింది. వరసల్లో నిలబడిన సీసాలన్నిటి మీదా తనే ఉంది.

"ఇన్నాళ్ళూ నేనే కలుపుతాననుకున్నారు మీరంతా. కలిపేది ఈవిడ. సంకలో పెట్టుకుని పొదిగి మరీ కలుపుతుంది" అన్నాడు తుంగుల్, ఆమె భుజం మీద చెయ్యివేసి. ఈసారి ఆ మాటలో ముల్లు లేదు. అందరూ నవ్వారు, ఆ నవ్వులోనూ ముల్లు లేదు. మర్ఫూఆ ఆమె రెండు చేతులూ పట్టుకుని, అమ్మా నువ్వా, మొగాళ్ళ మొహాలు చూసి చూసి విసిగిపోయాను, ఇలా పక్కన కూర్చో అంది. తొమ్మిదేళ్ళుగా కోరుకున్నది రెత్నో చేతికి అందింది. ఎంతసేపు అంటే, మర్ఫూఆ తన వేప్ ట్యాంకు మూత విప్పి అందులో లిక్విడ్ నింపుకునేంతసేపు.

"అమ్మగారూ, ఇప్పుడొద్దండి. ఇంకో పదిరోజులు ఊరితే గానీ రుచి దిగదు" అంది రెత్నో.

రంగు చూస్తే తెలియడం లేదా, నా దగ్గర కూడా మొహమాటమా అని మర్ఫూఆ నవ్వి, వేప్ నోట్లో పెట్టుకుని గట్టిగా లాగింది. హుక్కా నీళ్ళు పొర్లినట్టు గుడగుడమని చప్పుడు. మర్ఫూఆ కళ్ళు పెద్దవయ్యాయి. కాగిన చుక్కలు నాలుక మీద చిమ్మడంతో వేప్‌ని బల్ల మీద పడేసి చేత్తో నోరు మూసుకుంది. ట్యాంకు గాలి రంధ్రాల్లోంచి కారిన లిక్విడ్ ఆమె ముంజేతి మీదుగా తెల్లటి ముసుగు అంచుకు పాకి, బెల్లం రంగు మరక పడింది. ఎవరో ఐసుముక్క తెచ్చారు. గిరాకీలో ఒకడు సీసా అందుకుని తలకిందులు చేసి, రెండు లెక్కకే చేరిపోయింది, ఇది లిక్విడ్ కాదు వానాకాలం కాలవ అన్నాడు. అది తాగితే వేప్ కాదు గొడుగు కావాలని ఇంకొకడు అందుకున్నాడు. రెత్నో, రెత్నో అని చీటీ మీది పేరు పైకి చదువుతూ నవ్వారు.

తుంగుల్ మొహం పాలిపోయింది. పుజోన్‌లో ఐదే వచ్చిందండీ, నా కళ్ళతో చూశాను అంటూ తనూ ఒక సీసా తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. రెండు, రెండు. అక్కడ ఐదు ఇక్కడ రెండెందుకయిందో అతనికి నిజంగానే అర్థం కాలేదు. పదిమంది తన వంక చూస్తుండటం మాత్రం అర్థమయింది. భుజం మీద వేసిన చెయ్యి తీసేశాడు.

"పేరు చూశారుగా. కలిపింది ఆవిడ. నేను మోసుకొచ్చానంతే" అన్నాడు.

మర్ఫూఆ ఐసుముక్క బుగ్గన పెట్టుకుని రెత్నో వైపు తిరిగింది. కోపంగా లేదు, అలసటగా ఉంది. బుడగ లెక్క రాకపోతే రాదని చెప్పమంది. ఇదేమీ తలకాయ పోయే నేరం కాదు, తన దగ్గర నాలుగు నెలలు కూర్చుని నేర్చుకుని వెళ్ళినవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళ సీసాలే అదిగో ఆ అరలో ఉన్నాయి అని చూపించింది. రెత్నో ఆ అర వైపు చూసింది. రాదు అనాలి. అంతే, ఒక్క మాట. అంటే ఇక్కడ చోటుంది, నాలుగు నెలలకు పేరూ ఉంటుంది. గరిటె జారే తీరు చూసి మూకుడు దింపించిన మనిషి, పదిహేడేళ్ళుగా ఒక్కసారీ పాకం తప్పని మనిషి, రాదు అని చెప్పడానికి నోరు తెరిచింది. నోరు తెరిచింది గానీ ఆ మాట రాలేదు.

"వచ్చు" అంది. "నేను కలిపినప్పుడు ఈ ఊరి వేడికి ఐదు. ఈయన మా ఊరి చలిలో చూసి పదకొండు వచ్చిందని నీళ్ళు పోశారు. వందకు ఆరు పాళ్ళు. కావాలంటే చూసుకోండి."

మర్ఫూఆ సీసా తీసుకుని వెలుతురుకు పట్టుకుంది, తిప్పింది, వేలి మీద చుక్క వేసుకుని రుద్దింది. ఆమె తలూపడం చూసి నవ్వులు ఆగిపోయాయి. ఒక్క క్షణం రెత్నోకి గెలిచినట్టే అనిపించింది.

"పోస్తున్నప్పుడు నువ్వక్కడ ఉన్నావా?"

"ఉన్నాను."

"కారుతుందని తెలుసా?"

రెత్నో బల్ల మీది సీసాను తన వైపు తిప్పుకుంది. మర్ఫూఆ ఇంకోసారి అడిగింది.

"తెలుసు."

"మరి సీసాల్లో నింపిందెవరు?"

"నేనే" అంది రెత్నో.

తుంగుల్ పెళ్ళాం వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మర్ఫూఆ ఐసుముక్క తీసి గ్లాసులో వేసింది.

"రానిదానికి నేర్పుకుంటానమ్మా. ఇంత వచ్చినదానివి, తెలిసి తెలిసి నా నోట్లో పోశావు. నిన్నేం చేసుకోను?"

ఆ తర్వాత ఆమె రెత్నోతో మాట్లాడలేదు, అంతా తుంగుల్‌తోనే మాట్లాడింది. మనిషి మూర్ఖుడే గానీ కుట్ర లేదని తేల్చింది. కలపడం జోలికి రావద్దు, శనివారం శనివారం వచ్చి దుకాణం ముందు నిలబడి పొగ వదులు, జనం చేరతారు, జీతం ఇస్తాను అంది. తుంగుల్ ఒకసారి పెళ్ళాం వంక చూసి, వస్తానన్నాడు. సీసాలు వెనక్కి పంపనంది మర్ఫూఆ. అంత పల్చటిది పెద్ద ట్యాంకులకు పనికిరాదు గానీ, సన్న రంధ్రాల చిన్న వేప్‌లకు సరిపోతుంది, దుకాణం పేరు వేసి సగం ధరకు తోసేస్తానంది. కాకపోతే తన కస్టమర్ల కంట ఆ పేరు పడకూడదు. చీటీలు గీకేసి ఇచ్చి వెళ్ళమంది.

దుకాణం వెనక రేకుల నీడలో ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పెట్టారు. సీసా ముంచి, నానబెట్టి, గోటితో గీకాలి. రెత్నో ఒక పక్క, తుంగుల్ ఒక పక్క కూర్చున్నారు. కాగితం ఖరీదైనది, గమ్ము గట్టిది, ఒక పట్టాన రావడం లేదు. బంగారు రంగు ముందు ఊడి వేళ్ళకు అంటుకుంటోంది, పేరు మాత్రం వెనక నల్లగా మిగులుతోంది. దాన్ని మళ్ళీ గీకాలి. పది సీసాలయ్యేసరికి ఆమె చూపుడువేలి గోరు చీలింది. నొప్పి పుట్టింది, బాగానే ఉంది అనుకుంది, ఇంకా పుట్టాలి.

గీకుతూనే తుంగుల్ అడిగాడు.

"ఒక్క మాట అనాల్సింది కదే. నీళ్ళు పోస్తుంటే ఒక్క మాట."

"పేరు వేయించానని మీరూ ఒక్క మాట అనాల్సింది."

"చెబితే నీ మొహం అక్కడ ఎలా వెలుగుతుందో చూడలేకపోయేవాణ్ణి కదా" అన్నాడు. "నిన్ను సంతకు పంపి నూట ఇరవై నేనే అంటించాను. ఒక్కటి వంకరపోలేదు, చూడు."

రెత్నో చేతిలో సీసా చూసింది. నిజమే, వంకర లేదు. ఏడవాలనిపించింది గానీ, అతని ముందు ఏడ్చే హక్కు కూడా తనకు మిగల్లేదని తోచి, తల వంచుకుని గీకింది.

"శనివారం వచ్చినప్పుడు అడుగుతారు, నీ లిక్విడ్ ఎవరు కలుపుతారని" అన్నాడు తుంగుల్. "నేనే అంటాను."

"అనండి" అంది రెత్నో.

అతను పెట్టెలోంచి ఇంకో సీసా తీసి, నీళ్ళలో ముంచి, ఆమె చేతికి ఇచ్చాడు.